ఆఫీసుకెళ్లే అబ్బాయి

ఇకనుంచి వారానికి మూడు రోజులు ఆఫీసుకి రావాలని మా కంపెనీ మెయిలు పెట్టినరోజు టీమంతా గొల్లుమంది. మా నాన్న మాత్రం వీధిలో నలుగురికీ స్వీట్లు పంచారు.

దానికి కారణముంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ అనగానే హాస్టళ్లవాళ్లు తాళాలేశారు. నేను లాప్‌టాప్ సంకనపెట్టుకుని తణుకు దగ్గర మా ఊళ్లో తేలాను. మా వీధిలో ఉద్యోగమంటే పొద్దున్నే క్యారేజీ పట్టుకుని బస్సెక్కడం. లుంగీ కట్టుకుని డాబా మీద సిగ్నల్ కోసం తిరుగుతూ ఇంగ్లీషులో మాట్లాడేవాణ్ని చూసి, "పాపం, ఉద్యోగం ఊడినట్టుంది, పైకి చెప్పుకోవట్లేదు" అని తేల్చేశారు. జీతం పడ్డ మెసేజీ నాన్న చూపిస్తే, "ఈ రోజుల్లో ఫోన్లో ఏదైనా చేసేస్తున్నారండీ" అన్నాడు పక్కింటి బాబాయి.

ఇంట్లోవాళ్లయినా నమ్మారా? "ఖాళీగానేగా ఉన్నావు, ఈ పిండి ఆడించుకురా" అనేది అమ్మ. ఖాళీ కాదే, స్టాండప్ మీటింగుందంటే, "అక్కడా నిలబడేగా ఉండాలి" అంది. వాదించలేక పిండిమర దగ్గరే మీటింగు కానిచ్చాను. ఆ రొద విని మా మేనేజరు "మీకు వానా?" అనడిగితే, గట్టి వానేనన్నాను. పెళ్లిచూపుల మాట చెప్పనే అక్కర్లేదు. మంగళవారం మిట్టమధ్యాహ్నం పెళ్లికొడుకు ఇంట్లోనే ఉండటం చూసి, అమ్మాయి తరఫువాళ్లు కాఫీలు తాగి లేచారు.

ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగుతున్నాను. అమీర్‌పేటలో మనం మారక్కర్లేదు, జనమే మార్చేస్తారు. అక్కణ్నుంచి షేర్ ఆటో. ఇంతా చేసి ఆఫీసుకెళితే నా టీములో ఒకడు పుణెలో, ఒకావిడ చెన్నైలో. అందరూ కలిసి కూర్చుంటేనే పని సాగుతుందని మా మేనేజరు వీడియోలో చెబుతుంటే, వాళ్లింట్లో కుక్కర్ కూత మా ఫ్లోరంతా వినబడింది. చుట్టూ చూస్తే వందమంది చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఎవరికి వాళ్లే మాట్లాడుకుంటున్నారు. మా అమ్మమ్మ చూస్తే భూతవైద్యుణ్ని పిలిపించేది. ఏసీ చలికి మే నెలలో స్వెట్టర్లు. పని మాత్రం డాబా మీద చేసిందే.

కానీ మర్యాద! అమ్మ ఫోన్ చేసి, "ఆఫీసులో ఉన్నావా నాన్నా? తర్వాత చేస్తాలే" అని పెట్టేస్తోంది. మెళ్లో ఐడీ కార్డుతో ఫోటో పంపమన్నారు నాన్న. మొహం సరిగ్గా పడకపోయినా ఫర్వాలేదట, వెనక అద్దాల బిల్డింగు మొత్తం పడాలట. అది పెళ్లిళ్ల పేరయ్య ఫోన్లోకి చేరాక సంబంధాలు మళ్లీ మొదలయ్యాయి.

అందుచేత హెచ్చార్ వారికి నా మనవి. వారానికి మూడు రోజులేమిటండీ, ఐదు రోజులూ రమ్మనండి, వస్తాను. తాంబూలాలు పుచ్చుకున్నాక మాత్రం దయచేసి ఆ మెయిలు వెనక్కి తీసుకోండి.