ఏంగాదులే మామ

అల్లూరులో ఎవరి కారు ముందు భాగమైనా దెబ్బతింటే మెకానిక్కు కంటే ముందు వచ్చి నిలబడే మనిషి ఒకాయన ఉన్నాడు. ఆయన్ని ఎవరూ పిలవరు. చేతిలో టీ గ్లాసుతో సహా వస్తాడు. ఈ జాతి కావలిలోనూ ఉంది, కోవూరులోనూ ఉంది, హైదరాబాదు అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో కూడా ఒకరిద్దరు తగులుతుంటారు. అసలు సరుకు చూడాలంటే మాత్రం మా ఊరు రావాలి. ఊరంతా ఆయన్ని 'ఏంగాదులే మామ' అంటుంది. వరస కలవనివాళ్లకి కూడా మామే. అల్లుడి కారుకి జరిగిన నష్టాన్ని అంత తేలిగ్గా తీసుకోగలిగేది మామ ఒక్కడే కాబట్టి కాబోలు.

ఆయన ప్రాక్టీసుకి మా రోడ్లు బాగా సహకరిస్తాయి. కోతలయ్యాక సగం రోడ్డు వడ్లదే. ఆరబోసిన వడ్ల మీదికి బండ్లెక్కకుండా చుట్టూ రాళ్లు పెడతారు. పగలు అవి కంటికి కనిపిస్తాయి, రాత్రి బంపరుకి తెలుస్తాయి. వడ్లు లేని నెలల్లో బర్రెలున్నాయి. బర్రెలు ఇళ్లకి పోయాక, వెనక లైట్లు వెలగని రొయ్యల మేత బండ్లున్నాయి. ఇంకా ఏమైనా లోటుంటే ఆదివారం ఇసకపల్లి బీచికి పోయొచ్చే కుర్రాళ్లు పూడుస్తారు.

దెబ్బ ఎక్కడ తగిలినా మామ పరీక్ష టైరుతోనే మొదలవుతుంది. ముందు దాన్నొక తన్ను తంతాడు. తర్వాత బానెట్ మీద అరచెయ్యి ఆనించి, కళ్లు సగం మూసి, "ఊఁ" అంటాడు. వేలాడే బంపరుని మోకాలితో ఒక్క నెట్టు నెడతాడు. క్లిప్పులో పడిందా సరి, పడలేదా, తాడు. నీలంరంగు నైలాను తాడు ఆయన స్కూటర్ డిక్కీలో ఎప్పుడూ ఉంటుంది. అన్నీ అయ్యాక, "ఇప్పుడు స్టార్టు చెయ్యబ్బయా" అంటాడు. బండి స్టార్టయినప్పుడు ఆయన మొహం చూడాలి. పుట్టిన బిడ్డ కేరుమన్నప్పుడు మంత్రసాని మొహంలో కనిపించే వెలుగే అది. ఆ ఒక్క శబ్దంతో కేసు కొట్టేస్తాడు.

"ఇంజిను బ్రహ్మాండంగా ఉండాది. ఏంగాదులే. నిమ్మళంగా పో. నెల్లూరేంది, మెడ్రాసు దాకా పోవచ్చు."

ఆయన చదువంతా అంబాసిడర్ మీద సాగింది. అల్లూరుకి సొంత ఎమ్మెల్యే సీటున్న రోజులవి. నియోజకవర్గాల పునర్విభజనలో ఆ సీటు పోయి, 2009 ఎన్నికల నుంచి మేం కావలికి ఓట్లేస్తున్నాం. ఆ పాత ఎన్నికల్లో ప్రచారానికి దిగిన అంబాసిడర్ ఒకటి తాటిచెట్టుని గుద్దిందట. కారుకి చిన్న సొట్ట, చెట్టుకి నూకలు చెల్లు. "అదీ బండంటే. ఇప్పటివన్నీ రేకుడబ్బాలు" అంటాడు మామ. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది, మామ దగ్గర ఇంకా ఆగలేదు. చెట్టు ఏమైందో చెబుతాడు గాని, స్టీరింగ్ వెనక కూర్చున్న డ్రైవరు పక్కటెముకలు ఏమయ్యాయో చెప్పడు. కారు నలక్కపోతే ఆ దెబ్బ మనిషికే తగలాలి గదా! అందుకే బేలా బరేన్యి అనే ఇంజనీరు ముందూ వెనకా కావాలని నలిగిపోయే బాడీ ఆలోచించాడు. మెర్సిడెస్ వాళ్లు 1959లో దాన్ని రోడ్డెక్కించారు. ఇవాళ ఊళ్లో తిరిగే కార్లన్నీ ఆ దారివే. అయితే ఒకసారి నలిగిన బాడీ రెండోసారి అక్కరకి రాదు. ఈ ముక్క మామ చెవిన వేసి చూశాను.

"రెండోసారి ఎందుకు గుద్దుతాడబ్బా? ఒకసారి గుద్దినోడు జాగర్తగా తోల్తాడు గదా!" అన్నాడు.

మామకి ఊళ్లో ప్రతిపక్షం ఒక్కడే, మెకానిక్ షెడ్డు కుర్రాడు. వీడు టైరుని తన్నడు. ఫోన్ టార్చి వేసుకుని వెల్లకిలా కారు కిందికి దూరతాడు. బంపరంటే పైకి కనిపించే ప్లాస్టిక్ తొడుగు. దాని వెనక ఇనప బీము, ఆ వెనక ఏసీ కండెన్సరు, దాన్నానుకుని రేడియేటరు, దాని వెనక ఫ్యాను. మధ్యలో వేళ్లు దూరేంత సందు. తొడుగు నొక్కుకుపోయినా మళ్లీ ఉబికి యథాస్థానానికి వచ్చేస్తుంది, లోపల బీము మాత్రం వంగినచోటే ఉండి రేడియేటరుని పొడుస్తూ ఉంటుంది. కుర్రాడు చక్రాన్ని ఈ కొసనుంచి ఆ కొసకి తిప్పించి ఎక్కడైనా రాసుకుంటుందా అని చూస్తాడు. బానెట్ లాక్ పట్టిందా లేదా లాగి చూస్తాడు, హైవే మీద గాలికి అది లేచి అద్దాన్ని కప్పేస్తే డ్రైవరుకి రోడ్డు కనిపించదు. ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి ఆరిందా, వెలిగే ఉందా అని అడుగుతాడు. ఇంజిను స్టార్టయిందా అని మాత్రం అడగడు. మామకి ఒళ్లుమండేది అక్కడే.

మొన్న ఏప్రిల్లో వడ్ల రాయికి కొట్టుకున్న ఒక కారు కింద, దుమ్ములో రూపాయి బిళ్లంత తడి కనబడింది.

"ఏసీ నీళ్లులే" అన్నాడు మామ.

కుర్రాడు వేలితో అద్ది, బొటనవేలికి రాసి చూపించాడు. గులాబీ రంగు, జిగట. "ఏసీ నీళ్లకి రంగుండదు మామా. ఇది కూలెంటు."

మామ కూడా వేలద్దాడు. వాసన చూశాడు. అనుమానం తీరక నాలిక దాకా తీసుకుపోతే కుర్రాడు చెయ్యి పట్టుకుని ఆపాడు. కూలెంటు రుచికి తియ్యగానే ఉంటుందట, కానీ విషం.

ఇంత జరిగినా ఓనరు చూసింది మామ వైపే. చూడక ఏం చేస్తాడు? కుర్రాడి మాట వింటే బండిని నెల్లూరుకి ఎత్తించుకు పోవాలి, అది వచ్చేదాకా బస్సెక్కాలి. మామ మాట ఉచితం. పైగా తోలుకుపోదామని ఓనరు ముందే తేల్చేసుకున్నాడు, ఆ మాట ఇంకొకరి నోట రావాలి, అంతే. ఇన్సూరెన్సు పాలసీలో ఒక షరతుంటుంది: ప్రమాదం జరిగిన బండిని బాగుచేయించకుండా నడిపితే, దానివల్ల పెరిగే నష్టం ఓనరు నెత్తినే. రాయి పొడిచిన రేడియేటరుకి డబ్బులొస్తాయి గాని, తోలి కాల్చుకున్న ఇంజినుకి రావు. ఆ కాగితం డాష్‌బోర్డు అరలోనే భద్రంగా ఉంటుంది, ఎవరూ తీసి నలపరు.

ఒక్క సంగతిలో మామకి దణ్ణం పెట్టాలి. సలహా పారేసి జారుకునే రకం కాదు, ముందు సీట్లో తానే ఎక్కుతాడు. ఎక్కేముందు రెండు క్యాన్ల నిండా నీళ్లు పట్టించి వెనక పెట్టిస్తాడు. ఏంగాని బండికి ఇన్ని నీళ్లెందుకంటే, "తాగేదానికబ్బా, ఎండలు గదా" అంటాడు.

ఆ రోజూ ఎక్కాడు. హైవే ఎక్కేదాకా టెంపరేచర్ ముల్లు మధ్యలోనే ఉంది. తర్వాత మెల్లగా పైకి పాకి ఎర్రగీత దాకా పోయింది. ఓనరుకి చెమటలు. అంతలో ముల్లు జర్రున కిందికి పడిపోయింది.

"చూస్తివా! దానంతటదే సర్దుకునింది!" అని మామ తొడ చరిచాడు.

సర్దుకోలేదు. ఆ సెన్సరు నీళ్లలో మునిగి ఉంటేనే వేడి చెబుతుంది. చెప్పించుకోడానికి లోపల నీళ్లే మిగల్లేదు. కోవూరు ఇంకా రాకముందే, పెన్న గాలైనా తగలకముందే, బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది. ఇంజిను కటకటమని పట్టేసింది. మామ దిగి, తువ్వాలు తీసి, రేడియేటర్ మూత తిప్పబోయాడు. "చెయ్యి కాల్తాది పెద్దాయనా!" అని టీ బంకు మనిషి కేకెయ్యబట్టి సరిపోయింది. క్యాన్లలో నీళ్లు నిజంగానే తాగడానికే పనికొచ్చాయి.

నెల్లూరు నుంచి బండిని ఎత్తుకుపోయే ట్రక్కు వచ్చేసరికి పొద్దు వాలింది. ఓనరు ఫోన్లో భార్యకి ఏం చెప్పాలో వెతుక్కుంటున్నాడు. మామ మాత్రం ట్రక్కు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి దాని మూతి ముందు ఆగాడు. ఎడం హెడ్‌లైటు లేదు. బంపరుని ఎవరో తాడేసి కట్టారు. మామ ముందు టైరునొక తన్ను తన్నాడు, తాడుని లాగి చూసి మొహం చిట్లించాడు.

"ఎవురు కట్టిందబ్బయా ఇది? ముడి వేసే పద్ధతేనా ఇది?" అని డ్రైవరుని గదమాయించి, జేబులోంచి నీలంరంగు తాడు ముక్క తీశాడు.