గీసి పూసి మూసి రుద్దు (టీకా తాత్పర్య సహితము)

అవతారిక. ఏప్రిల్ 15న తూర్పు తీరంలో వేట నిషేధం మొదలవుతుంది. జూన్ 14 దాకా, 61 రోజుల పాటు, ఇంజను బోట్లు సముద్రం మీదికి పోకూడదు. చేపలు గుడ్లు పెట్టే ఆ రెండు నెలలూ ఉప్పాడ మొదలు భీమిలి దాకా ఒడ్డున మరమ్మతుల కాలం. వలలు అల్లేవారు ఒక వైపు, ఇంజన్లు విప్పేవారు ఒక వైపు. ఇంకో వైపు, బోర్లించిన ఫైబర్ బోటు పక్కన గొంతుక్కూర్చుని, దాని ఒంటి మీది బీటను గోటితో గీరి చూస్తూ ఒకాయన. ఈ సూత్రం ఆయన కోసం పుట్టింది.

మూలం: గీసి పూసి మూసి రుద్దు.

ప్రతిపదార్థం: గీసి = బీటను కాలువలా తెరిచి; పూసి = అందులో జెల్‌కోట్ అనే పైపూత నింపి; మూసి = దానికి గాలి తగలకుండా కప్పి; రుద్దు = పిమ్మట వాటర్ పేపరుతో అరగదీయుము. "నీవు" అనే కర్త, "పడవను" అనే కర్మ అధ్యాహారం. మూడు క్త్వార్థకాలు, ఒక విధి. క్త్వార్థకమంటే ముందు జరగవలసిన పని అని వ్యాకరణం. లోకం మాత్రం చివరి మాట ఒక్కటే చదివి, తొలిరోజే రుద్దుడుకు దిగుతుంది.

తాత్పర్యం: ఫైబర్ పడవ పైపొర దెబ్బతింటే బాగుచేసే విధానం చెప్పబడినది. ఇంతకుముందు దీనికి వ్యాఖ్య లేకపోవడానికి కారణం ఊహించవచ్చు. సంస్కృత కావ్యాల వ్యాఖ్యాత మల్లినాథసూరి స్వస్థలం మెదక్ జిల్లా కొల్చారం. అక్కడ సముద్రమూ లేదు, ఆయన కాలానికి పాలియెస్టరూ లేదు.

కాలనిర్ణయం. కర్త అజ్ఞాతుడు. అమెరికాలో ఒహాయో రాష్ట్రపు టొలీడోలో రే గ్రీన్ అనే ఆయన 1942లో గాజునార, పాలియెస్టర్ రెజిన్ కలిపి చిన్న పడవ చేశాడు. ఈ జాతి పడవల్లో తొలివాటిలో అదొకటి కనుక సూత్రం అంతకంటే పాతది కాజాలదు. మన వైపు, 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ వారి బంగాళాఖాతం కార్యక్రమం, ఇసుక మీదికి లాగడానికి వీలైన కొత్త పడవల మీద ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసింది. 2004 సునామీ తర్వాత తీరంలో ఫైబర్ బోట్లు బాగా పెరిగాయి. ఇసుక మీద లాగితే అడుగు అరుగుతుంది, పక్క పడవ తగిలితే బీట పడుతుంది. సూత్రానికి గిరాకీ ఆ విధంగా వచ్చింది.

ఇక అసలు విశేషం. చెక్క పడవకు రంగు చివర వేస్తారు, ఫైబర్ పడవకు మొదట వేస్తారు. అచ్చుకు మైనం పట్టించి, రంగు కలిపిన పాలియెస్టర్ రెజిన్‌ను దాని లోపలి గోడల మీద సుమారు అర మిల్లీమీటరు మందాన కొడతారు. అదే జెల్‌కోట్. దాని మీద గాజునార మ్యాట్ పరిచి, రెజిన్‌తో తడిపి, రోలర్‌తో గాలిబుడగలు అణచి, పొర మీద పొర వేస్తారు. గట్టిపడ్డాక అచ్చులోంచి ఊడదీస్తే, మొదట వేసిన పొర పైకి వస్తుంది. దాని మెరుపు అచ్చు పెట్టిన భిక్ష. అది బంక లేకుండా గట్టిపడటం కూడా అచ్చును అంటుకుని గాలికి దూరంగా ఉన్నందువల్లే. ఒడ్డున కూర్చున్న మరమ్మతుదారుకు అచ్చు లేదు. అచ్చు చేసే రెండు పనుల్లో ఒకటి "మూసి" చేస్తుంది, రెండోది "రుద్దు" చేస్తుంది. అంటే సూత్రంలో సగం అచ్చు లేని లోటు పూడ్చడానికే ఉందని ఈ వ్యాఖ్యాత మతం.

"గీసి" అనే పదం దగ్గర మొదటి శంక. ఉన్న బీటనే పూడ్చక, ఇంకా పెద్దది చేయడమేమిటి? వెంట్రుకవాసి బీటలోకి చిక్కటి జెల్‌కోట్ దిగదు. పైన గీతలా నిలిచి, కొన్నాళ్లకు మళ్లీ చిట్లుతుంది. అందుకే మొనదేలిన పనిముట్టుతోనో చిన్న గ్రైండర్‌తోనో బీటను అడుగు కనబడేదాకా ఏటవాలు అంచులతో తెరవాలి. తెరిచాక చుట్టూ తట్టి చూడాలి. మోత గట్టిగా పలికితే దెబ్బ పైపొరకే. మొద్దుగా పలికితే లోపల పొరలు విడిపోయి ఉండవచ్చు. అప్పుడు ముందు మ్యాట్ పని, తర్వాతే జెల్‌కోట్. ఒకే చోటి నుంచి నక్షత్రంలా చీలిన బీటలు కనబడితే పడవ లోపలి వైపు కూడా చూడాలి. అక్కడ దెబ్బో, ఊగుతున్న బలహీనతో ఉంటే దాన్ని సరిచేయనిదే పైన ఎంత పూసినా వృథా. చివరగా మైనం, నూనె, ఉప్పు లేకుండా ఎసిటోన్‌తో తుడిచి, ఆరనివ్వాలి.

"పూసి" చిన్న మాటే గాని ప్రమాదమంతా ఇందులోనే. జెల్‌కోట్ దానంతట అది గట్టిపడదు. కెటలిస్ట్ కలపాలి. దాని పూర్తి పేరు మిథైల్ ఇథైల్ కీటోన్ పెరాక్సైడ్, మోతాదు మామూలుగా 1 నుంచి 2 శాతం. వంద గ్రాములకు రెండు గ్రాములు మించనక్కర్లేదు. తగ్గితే పూర్తిగా గట్టిపడదు, ఎక్కువైతే పెళుసై రంగు చెడుతుంది. కంటికొలత ఇక్కడ పనికిరాదు, చిన్న తూకమో సిరంజో ఉండాలి. వేట నిషేధం సరిగ్గా ఎండాకాలంలో వస్తుంది కనుక మరో చిక్కు. వేడికి గట్టిపడే చర్య వేగం పెరిగి, గిన్నెలోది గిన్నెలోనే జున్నులా బిగుసుకుంటుంది. పొద్దున్నే, నీడలో, కొంచెం కొంచెంగా కలుపుకునేవారు సుఖపడతారు. గట్టిపడేటప్పుడు పాలియెస్టర్ కుంచించుకుంటుంది కనుక కాలువ అంచుకంటే రవ్వంత ఎత్తుగా నింపాలి.

కొన్ని రెజిన్లకు కోబాల్ట్ యాక్సిలరేటర్ విడిగా ఇస్తారు. దాన్ని ముందు రెజిన్‌లో బాగా కలిపాకే కెటలిస్ట్ కలపాలి. ఆ రెండింటినీ నేరుగా కలిపితే మంటలు లేస్తాయి, పేలవచ్చు కూడా. వ్యాఖ్యాత ఇక్కడ హాస్యం ఆడడం లేదు.

"మూసి" దగ్గర పాఠభేదం ఉంది. కొన్ని ప్రతుల్లో "గీసి పూసి రుద్దు" అని మాత్రమే కనబడుతుంది. ఆ పాఠాన్ని అనుసరించినవారి అతుకు మర్నాటికీ వేలికి అంటుకుంటుంది, రుద్దబోతే పేపరు బంకతో నిండిపోతుంది. వారు నింద కెటలిస్ట్ మీద వేసి, మరుసటిసారి రెట్టింపు కలుపుతారు. తప్పు గాలిది. పాలియెస్టర్ గట్టిపడేది ఫ్రీ రాడికల్స్ గొలుసుగా అల్లుకోవడం వల్ల. పైపొరను తాకే ఆక్సిజన్ ఆ రాడికల్స్‌ను మధ్యలోనే పట్టేసుకుని గొలుసు తెంపుతుంది. అడుగు రాయిలా ఉన్నా పైన బంక మిగిలేది అందుకే.

మూసే మార్గాలు మూడు వ్యవహారంలో ఉన్నాయి. స్టైరీన్‌లో కరిగించిన మైనం జెల్‌కోట్‌లో కలిపితే అది పైకి తేలి పొర కడుతుంది. పీవీఏ ద్రావణం పైన కొడితే సన్నటి తెర ఆరుతుంది, తర్వాత నీళ్లతో కడిగేయవచ్చు. చిన్న అతుకైతే నున్నటి ప్లాస్టిక్ షీటు పరిచి, అంచులకు టేపు వేసి, గాలి బయటికి నెట్టితే చాలు. చవకదీ సులువైనదీ ఈ చివరిదే.

శంక: బంక దోషమైతే, అచ్చులో వేసిన జెల్‌కోట్ వెనుకవైపు కూడా బంకగానే ఉంటుంది కదా? సమాధానం: ఉంటుంది, ఉండాలి కూడా. మ్యాట్ పొర అతుక్కునేది ఆ బంకకే. అందుచేత రెండు పూతలు వేసేవారు మైనాన్ని మొదటి పూతలో కలపరాదు. కలిపితే రెండోది పట్టదు.

మరొక పూర్వపక్షం: బజారులో దొరికే ఎపాక్సీ ముద్ద అద్దితే పోదా? నీరు ఆగుతుంది, నిజమే. కానీ మిగిలిపోయిన ఎపాక్సీ హార్డ్‌నర్ పాలియెస్టర్‌ను సరిగా గట్టిపడనివ్వకపోవచ్చు. ఆ ముద్ద మీద జెల్‌కోట్ వేసి తళతళలు కోరడం అత్యాశ.

"రుద్దు". వేళ్లతో కాదు, పేపరును చెక్కముక్కకు చుట్టి, నీళ్లు చల్లుతూ. 320తో ఎత్తు దించి, 600, 1000, 1500 వరుసగా నడిచి, చివర రబ్బింగ్ కాంపౌండ్, మైనం. ప్రతి నంబరూ ముందుదాని గీతలు చెరపడానికే కనుక ఒకటి దాటేస్తే ఆ గీతలు పాలిష్‌లో బయటపడతాయి. చుట్టూ ఉన్న పాత పొర అర మిల్లీమీటరే అని మరచి ఆవేశపడితే గాజునార తేలి, సూత్రం మళ్లీ మొదటినుంచి చదువుకోవాల్సి వస్తుంది. రంగు సంగతి: ఎండకు వెలిసిన తెలుపుకు డబ్బాలోని కొత్త తెలుపు కలవదు. పాత పొరను కాంపౌండ్‌తో ఒకసారి రుద్ది, అసలు రంగు చూసుకుని, రంగుముద్ద చుక్కచుక్కగా కలపాలి.

వేట పడవకు ఇంత మెరుపు అవసరమా అంటే, లేదు. జెల్‌కోట్ ఉన్నది నీటినీ ఎండనూ గాజునార దాకా పోనివ్వకుండా ఆపడానికి. అతుకు చదునై, బిగిసి, నీరు పట్టకుండా ఉంటే 600 దగ్గర ఆపినా సముద్రం ఆక్షేపించదు. ఆపై నంబర్లు పర్యాటకుల పడవలకు.

ఫలశ్రుతి. ఈ సూత్రం పాటించినవారి పడవ జూన్ 15న నీళ్లలో దిగును. పాటించేవారు మాస్కు, కళ్లద్దాలు, గ్లవుజులు ధరింతురు గాక. గాజు దుమ్ము దురద పెడుతుంది, స్టైరీన్ ఆవిరి తల తిప్పుతుంది. కెటలిస్ట్ కంట్లో పడితే చూపు పోవచ్చు. వెంటనే కనీసం పావుగంట నీళ్లతో కడిగి ఆసుపత్రికి పరుగెత్తాలి. కెటలిస్ట్ చాలాసార్లు నీళ్లలాగే రంగు లేకుండా ఉంటుంది. దయచేసి దాన్ని తాగునీటి సీసాలో పోసి పడవలో పెట్టకండి.