ఎర్ర రాజు పడే అవకాశం

పదో తరగతి లెక్కల్లో సంభావ్యత పాఠం దగ్గర మా అమ్మాయి ఆగిపోయింది. బాగా కలిపిన 52 పేకముక్కల్లోంచి ఒకటి తీస్తే అది ఎర్ర రాజయ్యే అవకాశమెంత? పాపం, దానికి రాజు ఎర్రగా ఎందుకుంటాడో తెలీదు. ఆఠీను, కళావరు పేర్లే వినలేదు. ఇంట్లో పేక కనబడకూడదని వాళ్ళమ్మ శాసనం మరి.

నాలో పంతులు లేచాడు. బియ్యం డబ్బా వెనకనుంచి పేక తెచ్చాను. అక్కడుందని నాకెలా తెలుసో మా ఆవిడ అడగలేదు. వంటింటి గుమ్మంలో నిలబడి చూసిందంతే.

ఈ విద్య నాకు బళ్ళో రాలేదు. కొత్తవలస జంక్షన్లో కిరండోలు లైను గూడ్సుకి దారిచ్చి ఆగిన పాసింజరులో, నలుగురి మోకాళ్ళ మీద తువ్వాలు పరిచి నేర్చుకున్నది. ఆ రైలు వెళ్ళేది గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు లెక్కల్లో ఎమ్మే చదివిన వాల్తేరుకే. నా చదువు మాత్రం దారిలోనే అయిపోయింది.

ఎర్ర రాజులు ఆఠీనొకడు, డైమనొకడు. 52లో 2, అంటే 26లో ఒకటి. బొమ్మ ముక్కలు 12, అంటే 13లో 3. ఆసు బొమ్మ కాదు.

అక్కడ ఆపితే బాగుండేది. మూడుముక్కలాటలోకి దిగాను. మూడు ముక్కలు 22,100 రకాలుగా పడొచ్చు. మూడూ ఒకే అంకెవి పడేది 52 రకాలు. ఒకే గుర్తులో వరసగా పడేది, ఆసుని అటూ ఇటూ వాడుకున్నా, 48 రకాలే. కాగితం మీద వేసి చూపించాను.

“రెండిట్లో ఏది పెద్ద నాన్నా?”

“ఒకే అంకెవి.”

“తక్కువ పడేది కదా పెద్దదవ్వాలి?”

ఇన్నేళ్ళూ దీని మీద డబ్బు కాసినవాణ్ణి, ఒక్కనాడూ ఈ అనుమానం రాలేదు. నా మొహం చూసి మా అత్తగారు మంచం మీంచే ఆదుకున్నారు: “లెక్కలొచ్చినోడు పేకాటెందుకు కడతాడు బాబూ!”

గుమ్మంలోంచి ఆవిడ అందుకుంది. “ఇన్ని లెక్కలొచ్చినోరు, మరి పండక్కి అంత పోగొట్టుకొచ్చారేటండీ?”

నేను కోర్టుకెక్కాను. పండక్కి ఆడింది రమ్మీ అన్నాను. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసులో 1967లో సుప్రీంకోర్టే చెప్పింది: రమ్మీ మూడుముక్కలాటలా వట్టి అదృష్టం కాదు, పడ్డ ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారెయ్యాలో తెలియాలి, ప్రధానంగా అది నేర్పుతో ఆడే ఆట. గొంతు పెంచి మరీ చదివినట్టు చెప్పాను.

ఆవిడ శ్రద్ధగా వింది. “అయితే అదృష్టం బాగోక పోయినవి కావన్నమాట. నేర్పు నేక పోయాయి.”

ఈ తీర్పు మీద అప్పీలుకి పైకోర్టు లేదు. మూడుముక్కలే ఆడానని ఒప్పుకునుంటే తలరాత మీదకి నెట్టేసేవాణ్ణి.

తోటి తండ్రులకు మనవి. పిల్లలకి సంభావ్యత చెప్పాల్సొస్తే రూపాయి బిళ్ళతో చెప్పండి. దానికి బొమ్మా బొరుసూ రెండే, పైగా ఇంట్లో ఎక్కడ దొరికినా ఎవరూ అడగరు.