బల్ల కింద సర్వర్

కంప్యూటర్ అనగానే అందరూ మానిటర్ వైపు చూస్తారు. నేను దాని కింద, పిల్లల కాళ్ళు తగిలే చోట ఉండే సీపీయూ డబ్బాని. 2012లో గుంటూరు అరండల్‌పేటలో ఒక కొట్లో నన్ను బిగించారు. ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్. పాత దుప్పటి చుట్టి ఆటోలో తెనాలి పక్కన ఒక ప్రైవేటు బడికి తెచ్చారు. ఎనిమిదేళ్ళ పాటు పిల్లలు నాలో రెండు కొండలూ, మధ్యలో సూర్యుడూ, పక్కన పెంకుటిల్లూ గీశారు. ఆ ఇళ్ళన్నీ ఒకేలా ఉండేవి.

2020 మార్చిలో కరోనా వల్ల బడి మూశారు. నా వెనక బల్లి కాపురం పెట్టింది. చదువంతా వాట్సాప్‌లోకి వెళ్ళిందని తరవాత తెలిసింది. క్లాసులో నలభై మంది, మనిషికి రెండు పేజీలు. అంటే తెలుగు మాస్టారి ఫోనులోకి రోజుకు ఎనభై ఫొటోలు. అందులో సగం తలకిందులు. మనవరాలి పుట్టినరోజు ఫొటో వెతకాలంటే వ్యాకరణం హోంవర్కులన్నీ దాటుకుంటూ పోవాల్సి వచ్చేదట.

బడి తెరిచాక కరస్పాండెంట్ గారికి ఒక ఆలోచన వచ్చింది. మనకూ ఎల్ఎంఎస్ ఉండాలి. పాఠం పెట్టడం, హోంవర్కు ఇవ్వడం, దిద్దడం, మార్కులు దాచడం, అన్నీ ఒకే చోట జరిగే ఏర్పాటు అన్నమాట. అడ్మిషన్ల ఫ్లెక్సీ మీద వేసుకోవడానికీ బాగుంటుంది. అసలు కారణం ఇదేనేమోనని నా అనుమానం.

డెమో నా గదిలోనే పెట్టారు, ప్రొజెక్టర్ వైరు నాకే తగిలించారు. టై కట్టుకున్న కంపెనీ కుర్రాడు రంగురంగుల గ్రాఫులు చూపించాడు. పిల్లాడికి ఏడాదికింత అన్నాడు. కరస్పాండెంట్ గారు చీరల కొట్లో బేరమాడినట్టు ఆడి కొంత తగ్గించారు. వెనక బెంచీలో కూర్చున్న తెలుగు మాస్టారిని ఎవరూ ఏమీ అడగలేదు. చివర్లో ఆయనే లేచి పెన్‌డ్రైవ్ తీశారు.

"నాయనా, మా తొమ్మిదో తరగతి యూనిట్ టెస్ట్ పేపరు. ఇది ఒక్కసారి ఎక్కించు చూద్దాం."

ఎక్కించాడు. తెర నిండా డాలరు గుర్తులు, బ్రాకెట్లు, టోపీ పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు. సంధులు లేవు, సమాసాలు లేవు. ఊళ్ళో డీటీపీ కుర్రాడు అను ఫాంట్లలో కొట్టిచ్చిన పేపరది. ఆ ఫాంట్లలో లోపల ఉండేది ఇంగ్లీషు కోడే, పైకి తెలుగు వేషం. ఫాంటు లేని చోట వేషం జారిపోతుంది. యూనికోడ్‌లో అలా కాదు, తెలుగుకు 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ దాకా సొంత జాగా ఉంది. నిజానికి ఇందులో కంపెనీ తప్పేమీ లేదు, ఏ సాఫ్ట్‌వేరైనా అంతే. "సపోర్ట్ టీమ్‌ని కనుక్కుని చెప్తాను సార్" అన్నాడు టై కుర్రాడు. సాయంత్రానికి చెక్కు ఇచ్చేశారు. మాస్టారు ఆ వేసవంతా పాత పేపర్లను ఫోన్ కీబోర్డు మీద ఒక్కొక్క అక్షరం ఏరుకుంటూ మళ్ళీ కొట్టుకున్నారు.

రెండో చిక్కు మా ఏడో తరగతి పిల్ల వల్ల బయటపడింది. వాళ్ళ నాన్న ఆటో నడుపుతాడు. ఇంట్లో ఫోను ఒక్కటే, అది ఆయనతో పాటు రాత్రి ఎనిమిదిన్నరకు ఇంటికొస్తుంది. యాప్ ఏమో ఒక నంబరుకు ఒక్క లాగినే అంటుంది. తమ్ముడు నాలుగో తరగతి. వాడి పేరు ముందు ఎక్కించారు కాబట్టి బడి లెక్కలో ఆ ఇంట్లో అక్క లేదు. అసలు నాలుగో తరగతి వాడికి లాగిన్ దేనికో నాకిప్పటికీ అర్థం కాదు. అయిదో తరగతి దాకా ఆ యాప్ తెరిచేది అమ్మో నాన్నో. అక్కడ కావాల్సింది రేపు ఏం తేవాలో చెప్పే ఒక్క మెసేజీ. పరీక్షలూ, దిద్దుబాట్లూ, మార్కుల చిట్టా హైస్కూలు పిల్లల అవసరం. రెంటికీ ఒకే చొక్కా కుట్టించారు.

రెండేళ్ళకు రేటు పెంచారు. మా వాళ్ళు వద్దన్నారు. అయితే మా మార్కులు మాకివ్వండి అంటే పీడీఎఫ్‌లు పంపారు. ఇల్లు ఖాళీ చేస్తూ సామాను అడిగితే ఇంటి ఫొటో చేతిలో పెట్టినట్టుంది.

అప్పుడు కంప్యూటర్ సార్ నా దుమ్ము దులిపి, నాలో మూడుల్ అనే ఇంకో ఎల్ఎంఎస్ ఎక్కించారు. దాన్ని తయారుచేసింది మార్టిన్ డూగియమాస్ అనే ఆస్ట్రేలియా ఆయన. చిన్నప్పుడు పశ్చిమ ఆస్ట్రేలియా ఎడారిలో, బడి అందనంత దూరంలో ఉండి, రేడియోలో పాఠాలు విని చదువుకున్నాడు. 2002 ఆగస్టులో మొదటి వెర్షన్ వదిలాడు. లైసెన్సుకు పైసా కట్టక్కర్లేదు. కోర్సు మొత్తం ఒక ఫైలుగా దించుకుని ఇంకో మూడుల్‌లో పెట్టుకోవచ్చు. మార్కులు ఎక్సెల్‌లోకి వస్తాయి. ఇది విని కరస్పాండెంట్ గారు ఖర్చేమీ లేదనుకున్నారు. ఖర్చు సార్ మీద పడింది. బడి వదిలాక గంటసేపు ఉండి బ్యాకప్ తీసేది ఆయనే, కరెంటు పోతే యూపీఎస్ దగ్గరికి పరుగెత్తేదీ ఆయనే. దానికి అదనపు జీతం లేదు.

నా తప్పూ ఒకటి చెప్పుకోవాలి. ఒక జూన్‌లో నా లోపలి బిళ్ళ బ్యాటరీ అయిపోయింది. తేదీ 2012 జనవరి 1కి వెళ్ళిపోయింది. నెట్ కూడా లేదు, సరిచేసుకునే దారి లేదు. సైన్స్ క్విజ్ తెరిస్తే ఇంకా మొదలవలేదని చూపించాను. క్లాసంతా చప్పట్లు.

నేను బడి వైఫై దాటి పోలేను. అందుకని ఇంట్లో చూసుకోవడానికి పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్, 2017లో కేంద్రం మొదలుపెట్టిన దీక్ష యాప్. పాఠం వీడియో బడిలో దించుకుంటే రాత్రి ఎనిమిదిన్నరకు నెట్ లేకుండా చూడొచ్చు. ఆటో నాన్న ఫోనులో ఇప్పుడు అక్క పాఠాలూ తమ్ముడి పాఠాలూ రెండూ ఉన్నాయి.

సోమవారం మళ్ళీ ఎవరో డెమోకు వస్తున్నారట. ఈసారి కృత్రిమ మేధ ఉన్న యాప్ అట. ప్రొజెక్టర్ వైరు నా పక్కనే చుట్ట చుట్టి పెట్టారు. మాస్టారూ, ఆ రోజు సెలవు పెట్టకండి. ఆ పాత అను పేపరున్న పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని ఈసారి ముందు బెంచీలో కూర్చోండి.