అమాస బావ

అమావాస్యకు ముహూర్తాలుండవు కాబట్టి మా అమాస బావ ఇంతవరకు ఏ చుట్టాల పెళ్ళీ ఎగ్గొట్టలేదు. ఆ ఒక్క రాత్రి మాత్రం ఎవరు పిలిచినా రాడు, చుక్కల ఫోటోలు తీయాలి. కొడుకును పాస్‌పోర్టు ఫోటోకు స్టూడియోకు పంపుతాడు; ఎదురుగా నిలబడ్డ మనిషి మీద ఆయనకు ఫోకస్ కుదరదు.

2023లో మానేరు మీద తీగల వంతెన రంగురంగుల లైట్లతో వెలిగితే కరీంనగరమంతా సెల్ఫీలు దిగింది. బావ మాత్రం ఇంట్లో చావు జరిగినట్టు కూర్చున్నాడు. అప్పటినుంచి చీకటి కోసం రాయపట్నం వంతెన దాటి పాత ఆదిలాబాద్ జిల్లాకు పోవడమే.

‘ఇదేం పిచ్చి’ అంటే నవాబ్ జఫర్ జంగ్ పేరెత్తుతాడు. 1901లో ఆయన సొంత డబ్బుతో పెట్టిన నిజామియా వేధశాల తర్వాత బేగంపేటకు మారి, గాజు పలకల మీద ఫోటోలు తీసి లక్షల చుక్కల లెక్క తేల్చింది మరి! నవాబుకు ఈఎంఐలు లేవని అక్క వాదన.

రెండేసి నిమిషాల ఎక్స్‌పోజర్లు, రాత్రంతా. భూమి తిరిగినకొద్దీ ట్రాకర్ కెమెరాను చుక్కల వెంట తిప్పుతుంది. చివర్న లెన్సుకు మూతపెట్టి ఉత్త చీకటిని కూడా ఫోటో తీస్తాడు, సెన్సర్ చేసే గలీజును తర్వాత తీసేయడానికట.

మొన్న పుష్యమాసంలో లక్సెట్టిపేట అవతల ఒక పత్తిచేను. అమాస రాత్రి, ఎర్ర టార్చి, ఒంటరిగా అంకెలు గొణిగే మనిషి. ఊరు కట్టెలు పట్టుకొని వచ్చింది.

“ఏం తవ్వుతున్నవ్‌రా?”

“తవ్వుతలేను కాకా, నెబ్యులాను దింపుతున్న.”

కట్టెలు ఇంకాస్త లేచినయ్. బావ గబగబా కెమెరా తెర చూపించాడు: గొల్లకావడి కింద గులాబీ రంగు మబ్బు.

“హైడ్రోజన్ గాలి కాకా. కొత్తగ పుట్టిన చుక్కల కిరణాలకు మెరుస్తది. వేములవాడ చాళుక్యులు రాజ్యానికి రాకముందు బయల్దేరిన వెలుగు, గిప్పుడు నీ చేన్ల పడుతున్నది.”

ఒక అవ్వ ముందుకొచ్చింది. “పిల్లలకోడి లేదా బిడ్డా?”

ఉంది. చుట్టూ నీలంగా అలుముకున్న ధూళితో సహా. అవ్వ తెరను రెండు వేళ్ళతో పెద్దగ చేయబోయింది, కాలేదు.

“ఏడే ఉంటయంటరు, గిన్ని పిల్లలెక్కడియి?”

బావ జవాబు మొదలుపెట్టాడు. పావుగంటకు జనం పలచబడ్డారు. చేను ఆసామి మాత్రం కదల్లేదు. తొక్కిన పత్తికి రెండు వందలు తీసుకొని, పిల్లలకోడి ఫోటో వాట్సాప్‌ల పంపమన్నాడు.