మూడు నిమిషాల్లో వెతకండి

గోల్ఫ్ పెద్దలు కరుణించారు. 2019 జనవరి 1 నుంచి, పొదల్లో పడ్డ బంతిని వెతుక్కోవడానికి ఐదు నిమిషాలు లేవు, మూడే. ఒక్కో దెబ్బకు నలభై సెకన్లు చాలునట. పచ్చిక మీద బంతిని గుంతలోకి నెట్టేటప్పుడు జెండాకర్ర పీకే శ్రమ కూడా తప్పించారు. ఆట నాలుగైదు గంటలు సాగుతోందనీ, అంత తీరిక లేక కొత్తవాళ్లు రావడం లేదనీ అప్పట్లో వాళ్ల బెంగ.

ఇంత మంచి రూలు ధనవంతుల పచ్చికకే పరిమితం కావడం అన్యాయం. చెన్నై దగ్గరి మా తామరైపాక్కంలో కూడా అమలు చేయాలి. కాకపోతే ఇక్కడ తప్పిపోయింది బంతి కాదు, కుశస్థలి నది.

స్టాప్‌వాచీతో రెఫరీగారిని పిలిచి ఆనకట్ట మీద నిలబెడదాం. మద్రాసు దాహం తీర్చడానికి తెల్లదొరలు కట్టి, నదిని చోళవరం, రెడ్‌హిల్స్ చెరువుల వైపు మళ్లించిన ఆనకట్టే ఇది. మొదటి నిమిషం: కింద తుమ్మచెట్లు, మేకలు. రెండో నిమిషం: పైన పూండి జలాశయం వైపు చూస్తారు. ఈశాన్య రుతుపవనాలు మొహం చాటేస్తే అక్కడా నిరాశే. మూడో నిమిషం: కృష్ణా నీళ్ల కోసం ఆంధ్రా వైపు తిరుగుతారు. ఆంధ్రాతో కుదిరిన 1983 ఒప్పందం ప్రకారం ఏటా 12 టీఎంసీలు రావాలి. ఇన్నేళ్లలో ఒక్క ఏడాదీ అంత రాలేదు.

టైము అయిపోయింది! బంతి పోయినట్టే. ఆటగాడు ఒక దెబ్బ జరిమానా కట్టి, అంతకుముందు కొట్టిన చోటికే వెనక్కి నడవాలి. అంటే అధికారులు పూండి నుంచి, కృష్ణా నీళ్లు వదిలే ఆంధ్రాలోని కండలేరు దాకా కాలువ గట్టు మీద 177 కిలోమీటర్లు నడుచుకుంటూ పోవాలి. నేను వెంట వెళ్లి మజ్జిగ పోస్తాను.

కానీ ఆశపడకండి, రూల్లో ఓ కిటుకుంది. గడియారం తిరగడం మొదలయ్యేది వెతకడం మొదలుపెట్టాకే. వెతకనివాడికి టైము అయిపోదు! మన ఆఫీసులకు ఈ సంగతి గోల్ఫ్ నేర్చుకోకుండానే తెలుసు.

గుంతలకూ కొదవ లేదు. వాళ్ల గుంత నాలుగుంపావు అంగుళాలు, చెన్నైకి నీళ్లిచ్చే మెట్రోవాటర్ వాళ్ల బోరు గుంత అంతకంటే పెద్దది. అక్కడ పద్దెనిమిది దాటితే ఆట ముగుస్తుంది. ఇక్కడ ఒక గుంత ఎండితే ఇంకా లోతుకు దించుతారు, ఆట సాగుతూనే ఉంటుంది.

నవ్వులాట చాలు. నాలుగు గంటలు ఖాళీగా గడపలేని బాబుల కోసం ప్రపంచమంతా కూర్చుని రూళ్లు తిరగరాసింది. నీళ్ల లారీ ఎప్పుడొస్తుందో తెలియక వీధి మలుపులో బిందెల వరుస పక్కన కూర్చున్న ఆడవాళ్ల పూట ఎవరి లెక్కలోనూ లేదు. ఆ పూట కూలి పోతే ఎవరూ జరిమానా కట్టరు. కరువొచ్చినప్పుడల్లా ఇక్కడి పొలం బావుల నీళ్లు కూడా కొని చెన్నైకి తోలారు. అమ్మినవాడికి నాలుగు డబ్బులు దక్కాయి, పక్క పొలంవాడి బావి అడుగంటింది, ఆ పొలాల్లో నాట్లు వేసే కూలీకి పనీ నీళ్లూ రెండూ పోయాయి. ఇది కరువు కాదు, దోపిడీ.

మెట్రోవాటర్ దొరవార్లకు ఒక్కటే విన్నపం: మా చుట్టుపక్కల బోర్ల నుంచి రోజుకెన్ని లీటర్లు తోడుతున్నారో పంచాయతీ ఆఫీసు గోడ మీద రాయించండి. తమిళంలోనూ తెలుగులోనూ. సంక్రాంతి లోపల.