ఊదేదేగా!

పెనుగొండ పెళ్లిలో పందిరికి బేరం లేదు, డ్రోను కెమెరాకూ లేదు. సన్నాయి మేళం దగ్గరే మేనమామగారికి పొదుపు గుర్తొచ్చింది.

"ఊదేదేగా, కాస్త తగ్గించుకోండి!"

"ఆయ్! గాలికి ఊగే చేనేగా, తమరి ధాన్యం నాలుగు బస్తాలు ఊరికే పట్టుకెళ్లనాండీ?"

మేనమామ సెల్లు నిండా దొంగ సైటు పాటలే.

ఆ పాటలకీ హక్కుదారులున్నారు. 2012లో కాపీరైటు చట్టం సవరించి, పాట రాసినవాళ్లకీ బాణీ కట్టినవాళ్లకీ రాయల్టీలో వాటా ఖాయం చేశారు. 2017లో, అనుమతి లేకుండా నా పాటలు కచేరీల్లో పాడొద్దంటూ సంగీత దర్శకుడు ఇళయరాజా తన స్నేహితుడైన గాయకుడు ఎస్పీ బాలుగారికే నోటీసు పంపించారు. ఎవరిది న్యాయమో లాయర్లు తేల్చుకుంటారు గానీ, "డబ్బు ముందు స్నేహం ఏపాటి!" అని ముందుగా కళ్లు తుడుచుకున్నది మాత్రం ఫ్రీ డౌన్‌లోడు బాబులే. అదీ, దించుకున్న పాట వింటూ!